దారం పొడవు కొలిచే పరికరం – మూడవ పాఠం: కొలత చక్రానికి తగిన చోటు

కండెకు ఎక్కే దారం పొడవును లెక్కించే పరికరం ఇది: దారంతోపాటు తిరిగే కొలత చక్రానికి అతికించిన అయస్కాంతం, ఒక్కో చుట్టుకూ ఒకసారి కాలిక్యులేటర్ '=' మీటను నొక్కినట్టు చేస్తుంది. గత పాఠం చూసి దీన్ని కట్టుకున్నవారిలో చాలామంది, కండె నిండేకొద్దీ లెక్క తప్పుతోందని రాశారు. వారు పంపిన బొమ్మలు చూస్తే అయస్కాంతం కండె ఇరుసుకే అతికించి ఉంది. అందువల్ల మోటారు వేగం పాఠాన్ని వాయిదా వేసి, ముందు దీన్ని సరిచేద్దాం.

కండె చుట్లు లెక్కపెడితే పొడవు తెలియదు. ఖాళీ కండె వ్యాసం 20 మి.మీ. అయితే వంద చుట్లకు సుమారు 6.28 మీటర్ల దారం ఎక్కుతుంది. దారం పేరుకుని వ్యాసం 40 మి.మీ.కు చేరాక అవే వంద చుట్లకు 12.57 మీటర్లు పడుతుంది. సగటు వ్యాసం తీసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. బిగువు మారితే పొరల మందం మారుతుంది కనుక ఆ సగటు ఏ రెండు కండెలకూ ఒక్కటిగా ఉండదు. కొలత చక్రం దారం వదిలే రీలుకూ దారం ఎక్కే కండెకూ నడుమ, దారం నడిచే దారిలో, మోటారుతో ఏ సంబంధమూ లేకుండా తిరగాలి.

రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికి వస్తే దానంతట అదే కలిసే చిన్న స్విచ్), అయస్కాంతం బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి. స్విచ్ తీగలను కాలిక్యులేటర్ '=' మీట కింది రెండు కొసలకు అతకడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. మైక్రోకంట్రోలర్ల (ప్రోగ్రాముతో నడిచే చిన్న చిప్‌ల) కంటే నాకు ఈ పద్ధతే ఇష్టం, ఎందుకంటే ఇందులో చెడిపోయేది తక్కువ. చక్రం సెకనుకు మూడు చుట్లు మించనివ్వకండి. అంతకన్నా వేగమైతే కాలిక్యులేటర్ కొన్ని చుట్లను వదిలేయవచ్చు.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించే పొరపాటు, చక్రం చుట్టుకొలతను స్కేలుతోనో టేపుతోనో తేల్చేయడం. 64 మి.మీ. చక్రం చుట్టుకొలత 201.06 మి.మీ. అన్నది నిజమే. అయితే దారానికీ మందం ఉంది, దాని నడిమి గీత చక్రం అంచుకు కొంచెం పైన నడుస్తుంది. దారం 0.3 మి.మీ. మందముంటే లెక్కలోకి రావలసిన వ్యాసం 64.3, ఒక చుట్టుకు పొడవు 202 మి.మీ. ఈ తేడాను వదిలేస్తే 500 మీటర్ల దారానికి పరికరం రెండు మీటర్లకు పైగా తక్కువ చూపుతుంది. పైగా దారం జారినా, బేరింగులో గ్రీజు గట్టిపడి చక్రం వెనకబడినా స్కేలుకు తెలియదు. కాబట్టి బేరింగును కిరోసిన్‌తో కడిగి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. దారాన్ని చక్రానికి ఒక పూర్తి చుట్టు తిప్పండి. అంచు వెడల్పుగా, చదునుగా ఉంటే లోపలికి వచ్చే పోగూ బయటికి పోయే పోగూ ఒకదానిమీద ఒకటి రాసుకోకుండా పక్కపక్కన నడుస్తాయి.

తరువాత నేలమీద సరిగ్గా 10 మీటర్లు కొలిచి, రెండు కొసలకూ ముడులు వేసిన దారాన్ని చక్రం మీదుగా మామూలు బిగువుతో లాగి చుట్లు లెక్కించండి. 49.5 చుట్లు వస్తే చుట్టుకు 0.202 మీటర్లు. కాలిక్యులేటర్‌లో 0.202 + 0.202 = నొక్కండి; ఆపైన ప్రతి '='కూ 0.202 పెరగాలి. పెరగకపోతే, కొన్ని యంత్రాల్లో + మీటను రెండుసార్లు నొక్కాలి. మొదట చూపిన 0.404ను చివర తీసివేయడం మరవవద్దు.

అభ్యాసం: నూలు, పాలిస్టర్, పట్టు దారాలకు విడివిడిగా ఈ పరీక్షను ఐదేసిసార్లు చేసి, అంకెలన్నీ పట్టికగా రాయండి. ఒకే దారానికి ఐదు ఫలితాల మధ్య పావు చుట్టుకు మించి తేడా ఉంటే ముందు బిగువును సరిచేసుకోండి. ఆ పట్టిక లేకుండా నాలుగవ పాఠం మొదలుపెట్టవద్దు.