ఆకాశ పాఠాలు – 5: చిత్త నుంచి కిందికి దిగితే ఒమేగా సెంటారి

పోయిన పాఠంలో సప్తర్షుల తోక వంపు పట్టుకుని స్వాతికి, అక్కడి నుంచి చిత్తకు వచ్చాం. చిత్త ఏదో ఇంకా అనుమానంగా ఉంటే చైత్ర పౌర్ణమి రాత్రి చూడండి, చంద్రుడు దాని దగ్గర్లోనే ఉంటాడు. ఈ పాఠంలో చిత్త కింద మసకగా కనిపించే ఒమేగా సెంటారి అనే నక్షత్రాల గుచ్ఛాన్ని వెతుకుదాం. దీనికి మాత్రం వెన్నెల పనికిరాదు. అమావాస్యకు అటూ ఇటూ రోజులు చూసుకోండి.

ముందు పిడికిలి కొలత. చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి చూస్తే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పిల్లల పిడికిలి చిన్నదే, చెయ్యీ పొట్టిదే కాబట్టి వాళ్లకూ ఇదే లెక్క. మీ పిడికిలిని ధ్రువ నక్షత్రంతో సరిచూసుకోవచ్చు. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. ధ్రువుడు ఉత్తర దిక్కున అంతే ఎత్తులో, అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువలో ఉండాలి.

ఇప్పుడు దక్షిణానికి తిరగండి. కళింగపట్నం బీచ్ దీనికి బాగుంటుంది, దక్షిణాన అంతా సముద్రమే. లైట్‌హౌస్ వెలుగు కంట్లో పడనిచోట నిలబడండి. విజయనగరం వైపువాళ్లకు భోగాపురం దగ్గరి తీరం ఉంది. మే మధ్యలో రాత్రి 10 గంటలకు, నెలాఖరుకైతే 9కే, చిత్త సరిగ్గా దక్షిణం మీదికి వస్తుంది. దాని నుంచి నిట్టనిలువుగా మూడున్నర పిడికిళ్లు దిగండి. మళ్లీ సముద్రపు అంచు నుంచి రెండున్నర పిడికిళ్లు పైకి కొలవండి. రెండు కొలతలూ కలిసే చోట మసకగా ఒక చుక్క కనిపిస్తుంది. అదే ఒమేగా సెంటారి. దానికి దిగువన కుడివైపు శిలువ ఆకారంలో ఉండే త్రిశంకు నక్షత్రాలు, ఎడమవైపు రెండు మెరిసే నక్షత్రాలు ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు.

కనిపించకపోతే టెన్షన్ పడకండి. ఫోన్ జేబులో పెట్టి 20 నిమిషాలు చీకట్లో ఉండండి. తర్వాత సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడండి. మసక వెలుగును పట్టే కణాలు కంటిపాప ఎదురుగా కాక చుట్టుపక్కల ఎక్కువ, అందుకే పక్కచూపుకు దొరుకుతుంది. తీరంలో వేసవి తేమ పెద్ద అడ్డంకి. గాలివాన పడి మబ్బు విడిచిన రాత్రి వదులుకోవద్దు.

10×50 బైనాక్యులర్ ఉంటే అది గుండ్రంగా పత్తి ఉండలా కనిపిస్తుంది. ప్రాచీన ఖగోళవేత్త టాలమీ దీన్ని నక్షత్రంగానే రాసుకున్నాడు. 1677లో సెయింట్ హెలెనా దీవి నుంచి చూసిన ఇంగ్లిష్ ఖగోళవేత్త ఎడ్మండ్ హేలీ ఇది నక్షత్రం కాదని గుర్తించాడు. నిజానికి ఇది సుమారు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో, దాదాపు కోటి నక్షత్రాలున్న గోళాకార గుచ్ఛం. పాలపుంతలో ఇంత పెద్ద గుచ్ఛం ఇంకొకటి లేదు. ఒకప్పటి చిన్న గెలాక్సీని పాలపుంత మింగేయగా మిగిలిన నడిబొడ్డు ఇదేనని చాలామంది శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. 2024లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల్లో దీని మధ్యలో అతివేగంగా కదిలే ఏడు నక్షత్రాలు కనిపించాయి. వాటిని అక్కడ పట్టి ఉంచాలంటే కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉండాలని లెక్క తేలింది. నాకు ఈ ఆకాశంలో దీన్ని మించిన దృశ్యం లేదు.

ఢిల్లీలో ఇది 14 డిగ్రీల ఎత్తు దాటదు, లండన్‌లో అసలు ఉదయించదు. మనకు 24 డిగ్రీలు.

అభ్యాసం: చిత్త, ఒమేగా, త్రిశంకు ఎక్కడెక్కడున్నాయో కాగితం మీద గీసి, టైము రాయండి. గంట తర్వాత మళ్లీ గీయండి. వచ్చే పాఠంలో ఆ రెండు బొమ్మలతోనే పని.