దర్గా పటం రంగు పోతే ఏం చేయాలి

పర్వతగిరి దగ్గర అన్నారం దర్గాకు పోయినప్పుడు నానమ్మ తెచ్చుకున్న మక్కా మదీనా పటం మా ఇంట్లో వెంకన్న పటం పక్కనే ఉండేది. దుమ్ము పట్టిందని తీసుకుపోయి లామినేషన్ చేయించాను, వేడికి బుడగలు లేచాయి, ఇక ఊడదీసే దారి లేదు. మీరు ఆ పని మాత్రం చేయకండి.

పటాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, వెనక చిన్న మేకులు తీసి, అట్ట మెల్లగా లేపండి. కాగితం అద్దానికి అంటుకుపోయి ఉంటే లాగొద్దు, అద్దంతోనే ఉంచి స్కాన్ తీయించండి.

స్కాన్ తీసినవాళ్ళు రంగులు సరిచేస్తామంటారు, అక్కడ మీరు పక్కనే కూర్చోవాలి. మా పటంలో మదీనా గుమ్మటం (ప్రవక్త మసీదు మీదిది) నీలంగా కనిపించేది, అసలు రంగు అదేనేమో అని షాపతను వదిలేయబోయాడు. ఎండకు ముందు పోయేవి పసుపు, గులాబీ సిరాలు. ఆకుపచ్చలోంచి పసుపు పోతే మిగిలేది నీలమే కదా. ఆ గుమ్మటానికి 1837లో ఆకుపచ్చ రంగు వేశారు, కాబట్టి ఆకుపచ్చే రావాలి. మక్కాలోని కాబాకు కప్పే గుడ్డ నలుపు, దాని చుట్టూ బంగారు పట్టీ. ఇంకోటి, బొమ్మను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పేస్తే అరబీ రాత మొత్తం కుడిఎడమలుగా తిరగబడుతుంది.

ఫ్రేముకు సరిపోలేదని పైఅంచు కోయనివ్వకండి, 786 చాలాసార్లు అక్కడే ఉంటుంది. అల్లా పేరుతో మొదలుపెట్టే బిస్మిల్లా వాక్యంలోని అక్షరాలకు అబ్జద్ లెక్కలో ఉన్న విలువలు (బాకు 2, సీన్‌కు 60, మీమ్‌కు 40, ఇలా) కలిపితే వచ్చేది ఆ అంకె.

సెల్లోటేపు, ఫెవికాల్ వద్దు. తెల్ల కాగితంతో నాలుగు మూలలకు చిన్న జేబులు మడిచి, వాటిలో పటం మూలలు దోపితే చాలు. అద్దానికి, కాగితానికి మధ్య అట్ట పట్టీ పెట్టించండి, లేకపోతే వానాకాలం చెమ్మకు మళ్ళీ అతుక్కుంటుంది.

ఎవరికైనా ఇవ్వడానికి కాజీపేట దర్గా ఉర్సులో కొంటుంటే మక్కా మదీనా పటమే తీసుకోండి. ఆడమనిషి ముఖం, రెక్కలు, నెమలి తోక ఉన్న బురాఖ్ (ప్రవక్త ఎక్కి వెళ్ళారని చెప్పే గుర్రంలాంటి జంతువు) బొమ్మ నాకు భలే ఇష్టం గానీ, అలా ముఖం గీయడం కూడదనే ముస్లింలు చాలామందే ఉన్నారు.

చిరిగి రాలిన ముక్కల మీద అరబీ రాత ఉంటే చెత్తబుట్టలో వేయకండి. దగ్గర్లోని మసీదులో ఇవ్వండి, లేదా ఎవరూ తొక్కని శుభ్రమైన చోట పాతిపెట్టండి. మా లామినేషన్ పటంలోంచి విరిగిన మూల ముక్కను మేం జామచెట్టు మొదట్లో పెట్టాం.