వైఫై ఆగి ఆగి వస్తోందా? ముందు రెండు పింగ్‌లు పెట్టి చూడండి

నెట్ పూర్తిగా పోతే ఒక రకంగా నయం, పోయిందని తెలుస్తుంది. బాగా నడుస్తూ మధ్యలో రెండు మూడు సెకన్లు బిగుసుకుపోయి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచే నెట్‌తోనే తలనొప్పి. నేను ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఒక మెట్టు వివరిస్తుండగా నా మాట తెగిపోతే అక్కడి నుంచి ఆ లెక్క వాళ్లకు అర్థం కాదు. మళ్లీ చెప్పమని అడగడానికి మొహమాటపడే పిల్లలే ఎక్కువ. అందుకే దీన్ని పట్టుబట్టి నేర్చుకున్నాను.

స్పీడ్ టెస్ట్‌ను మాత్రం నమ్ముకోకండి. అది కొన్ని సెకన్లలో మొత్తం ఎంత డేటా వచ్చిందో చెబుతుంది. మధ్యలో అరసెకను ఆగినా అంకె బాగానే కనిపిస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆగుతున్నది ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్యనా, రూటర్ దాటాకా? అది పింగ్ చెబుతుంది. పింగ్ అంటే ఒక అడ్రస్‌కు చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపటికి వచ్చిందో కొలవడం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్నదే రూటర్ అడ్రస్, చాలా ఇళ్లలో 192.168.1.1 లాంటిది. ఇప్పుడు రెండు విండోలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో పింగ్ (ping) అని టైప్ చేసి రూటర్ అడ్రస్, రెండోదాంట్లో అలాగే 8.8.8.8 ఇవ్వండి. ఇది బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. రెండింటిలోనూ చివర ఖాళీ వదిలి మైనస్ టీ (-t) కలిపితే ఆపేదాకా నడుస్తూనే ఉంటాయి. మ్యాక్‌లో, లినక్స్‌లో మైనస్ టీ అక్కర్లేదు. ఆపడానికి కంట్రోల్ సీ. వీటిని అలాగే వదిలి మీ పని చేసుకోండి. నెట్ ఆగిన క్షణంలో తిరిగి చూడండి.

రూటర్ పింగ్ మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలోనే ఉంటుంది. అది ఒక్కసారిగా వందల్లోకి ఎగిరినా, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వచ్చినా గొడవ వైఫైలోనే ఉంది. రూటర్ పింగ్ కదలకుండా 8.8.8.8 ఒక్కటే ఎగిరితే ల్యాప్‌టాప్‌ను వదిలేయండి, గొడవ బయటి లైన్‌లో ఉంది. ఈ తేడా తెలియక సెట్టింగులన్నీ మార్చేసి టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వైఫైలోనే అని తేలితే ముందు పవర్ సేవింగ్ చూడండి. ఛార్జర్ పెడితే తగ్గి, తీస్తే మళ్లీ వస్తుంటే అనుమానం అక్కర్లేదు. బ్యాటరీ కోసం వైఫై కార్డు మధ్యమధ్య నిద్రపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ వరకు వెళ్లి మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిస్తే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించదు, కంగారు పడొద్దు.

పింగ్ గడియారం కొట్టినట్టు సమాన వ్యవధిలో ఎగురుతోందా? అయితే ల్యాప్‌టాప్ వేరే నెట్‌వర్కుల కోసం వెతుకుతూ ఉండవచ్చు. ఆ వెతుకులాటలో కార్డు మన ఛానల్ వదిలి మిగతా ఛానళ్లు వినడానికి వెళ్తుంది. ఆ కాసేపు మన డేటా ఆగుతుంది. వైఫై సెట్టింగ్స్ పేజీ తెరిచి ఉంటే మూసేయండి, లొకేషన్ ఆపి చూడండి. ఇంటెల్ కార్డయితే అదే ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో రోమింగ్ అగ్రెసివ్‌నెస్, అంటే వేరే సిగ్నల్ కోసం వెతికే ఆత్రం, తగ్గించండి. మ్యాక్‌లో ఎయిర్‌డ్రాప్ ఆపి చూడండి.

ఎప్పుడు పడితే అప్పుడు ఎగురుతుంటే గాలిలో రద్దీ అనుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ బ్యాండ్‌లోనే ఉంటాయి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌కు తగిలించినా ఆ బ్యాండ్‌లోనే రొద పుడుతుంది, ఇది చాలామంది ఊహించరు. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడే మాట తెగుతుంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. చాలావరకు అక్కడితో కుదురుకుంటుంది. 5లో కూడా 52 నుంచి 144 వరకు ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ సంకేతం అనిపిస్తే రూటర్ ఆ ఛానల్ ఖాళీ చేయాల్సిందే. అలా అప్పుడప్పుడు తెగుతుంటే రూటర్ సెట్టింగ్స్‌లో 36 నుంచి 48 మధ్య ఛానల్ ఒకటి పెట్టండి.

డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి: ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి తాజాది వేయండి. అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే రోల్ బ్యాక్ చేయండి, అంటే పాతదానికి తిరిగి వెళ్లండి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ పింగ్ పెట్టి చూడండి.

ఇక 8.8.8.8 మాత్రమే ఎగిరే ఇళ్లలో ముందు అప్‌లోడ్ చూడండి. ఎవరి ఫోనో ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే అప్‌లోడ్ లైన్ నిండిపోయి, మన మాట ఆ క్యూలో వెనక నిలబడుతుంది. బ్యాకప్ ఆపగానే పింగ్ దిగితే కారణం అదే. రూటర్‌లో ఇలాంటి క్యూను అదుపులో ఉంచే ఎస్‌క్యూఎమ్ (SQM) అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, పరిమితిని మీ అసలు వేగం కంటే కొంచెం తక్కువకు పెట్టండి. బ్యాకప్ లేకున్నా ఎగురుతుంటే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలిపి అవే రెండు పింగ్‌లు పెట్టి, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, అప్పుడు నెట్ కంపెనీకి ఫోన్ చేయండి. మీ వైఫైదే తప్పని వాళ్లు తేల్చేయలేరు.