నవల చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆ కారుది ఏ రంగు?

పోయిన పాఠంలో, కథ చెప్పేవాడి మాటను ఎంతవరకు నమ్మాలో చూశాం. ఈసారి రంగులు. అభ్యాసానికి అదే నవల: ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌గెరాల్డ్ 1925లో వెలువరించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’. కథ నడిచేది 1922 వేసవిలో, న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో. ముగింపు ముందే తెలిస్తే గిట్టనివాళ్లు నవల చదివేసి రండి.

ముందు ఒక అలవాటు మానుకోవాలి. ఆకుపచ్చ అంటే ఆశ, తెలుపంటే స్వచ్ఛత అని గైడ్లలో పట్టికలుంటాయి. మార్కులకు పనికొస్తాయేమో గానీ, చదువుకునేవాడికి అడ్డమే. వాటి బదులు రెండు ప్రశ్నలు పట్టుకోండి. ఆ రంగు ఎవరి ఒంటి మీద ఉంది? దాని పేరు చెబుతున్నది ఎవరు?

మొదటి ప్రశ్నను తెలుపు మీద పెట్టి చూద్దాం. 1వ అధ్యాయంలో గాట్స్‌బీ ప్రేమించిన డెయిజీ, ఆమె స్నేహితురాలు జోర్డన్ తెల్లగౌన్లలో సోఫా మీద కూర్చుని ఉంటారు. పుట్టుశ్రీమంతులుండే ఈస్ట్ ఎగ్ అది. బట్టలు మాసే పని ఆ ఇద్దరికీ ఉండదు. 2వ అధ్యాయంలో బూడిద లోయకు, అంటే న్యూయార్క్ దారిలో బూడిద గుట్టలుండే చోటికి, వెళ్తాం. అక్కడ గ్యారేజీ నడుపుకునే విల్సన్ సూటు మీదా జుట్టు మీదా ఉన్నదీ తెలుపే, కాకపోతే బూడిద దుమ్ము. పట్టిక ప్రకారం ముగ్గురూ స్వచ్ఛమైనవాళ్లే!

రెండో ప్రశ్నకు కథానాయకుడు గాట్స్‌బీ కారును మించిన ఉదాహరణ లేదు. 4వ అధ్యాయంలో అందులో ఎక్కి భోజనానికి వెళ్తున్న నిక్ (కథ చెప్పేవాడు) కంటికి అది మేలిమి మీగడ రంగు. 7వ అధ్యాయంలో డెయిజీ భర్త టామ్ దాన్ని సర్కస్ బండి అంటాడు. రంగు పేరైనా ఎత్తడు. నడమంత్రపు సిరి అని తేల్చేశాక ఇక రంగుతో పనేముంది? అదే రోజు ఆ కారులోనే పెట్రోలు కోసం ఆగి, ఎలా ఉందని విల్సన్‌ను అడుగుతాడు, తనే కొన్నట్టు. చేత్తో పంపు కొడుతూ విల్సన్, పసుపుకారు బాగుందంటాడు. కొంటావా అని టామ్ అడిగితే నీరసంగా నవ్వుతాడు. సాయంత్రం ఆ కారు కిందే విల్సన్ భార్య మర్టిల్ పోతుంది. పక్కనే కాఫీ హోటల్ నడిపే మైకలిస్ పోలీసుకు చెప్పిన రంగు లేత ఆకుపచ్చ! దీన్ని గాట్స్‌బీ దూరం నుంచి ఆశగా చూసే, డెయిజీ రేవులోని ఆకుపచ్చ దీపంతో ముడిపెట్టేవాళ్లున్నారు గానీ, ఆ ముడి నాకు అతకదు. చీకటిపడే వేళ, కళ్లముందు చావు, సరిగ్గా చూడలేదంతే. పసుపని కచ్చితంగా చెప్పిన సాక్షి వేరే ఉన్నాడు.

గాట్స్‌బీ వేసుకునే గులాబీరంగు సూటు సంగతీ ఇలాంటిదే. గాట్స్‌బీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడంటే టామ్ నమ్మడు, కారణం ఆ సూటు. నిజానికి గాట్స్‌బీ 1919లో అయిదు నెలలు అక్కడ ఉన్నాడు.

అభ్యాసం: 2వ అధ్యాయంలో మర్టిల్ మూడు దుస్తుల్లో కనిపిస్తుంది: గ్యారేజీలో ముదురు నీలం, న్యూయార్క్ ప్రయాణానికి గోధుమరంగు, ఆమె ప్రియుడైన టామ్ ఆమె కోసం పెట్టిన ఫ్లాట్‌లో మీగడరంగు షిఫాన్. మూడో గౌను వేసుకున్నాక ఆమె మాటతీరు ఎలా మారిందో వెతికి, పై రెండు ప్రశ్నలతో ఒక పేరా రాయండి. అంతకుముందు ఏ టాక్సీలను వదిలేసి ఏ రంగుది ఎక్కిందో కూడా చూడండి. వచ్చే పాఠంలో ఇళ్లు.