5 వాట్లు, 20 మీటర్ల తీగ

ఓ శనివారం రాత్రి ఇంటి మెయిన్ స్విచ్ నేనే ఆపేశాను. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. నిజంగానే కరెంటు, టవర్లు అన్నీ పోతే ఏం చేస్తానో చూద్దామని నాకు నేనే పెట్టుకున్న పరీక్ష అది. బ్యాగు ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది: 5 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) హామ్ రేడియో, అంటే ఔత్సాహికులు లైసెన్స్‌తో వాడేది, బ్యాటరీ, యాంటెన్నాగా కట్టడానికి చుట్టి పెట్టిన తీగ, దాన్ని రేడియోకి కలిపే కోయాక్స్ కేబుల్, మైకు. టార్చి నోట కరుచుకుని తీగ కట్టాను, కేబుల్ లాగాను. తీరా రేడియోకి తగిలించబోతే తగల్లేదు. కేబుల్ చివర ఉన్నది పీఎల్-259 రకం కనెక్టర్, రేడియోకి ఉన్నదేమో బీఎన్‌సీ రకం. రెంటికీ మధ్య ఉండాల్సిన అడాప్టర్, బొటనవేలంత కూడా లేని ముక్క, లోపల బల్ల మీద పెద్ద రేడియోకి తగిలించి ఉంది. ఇల్లే కాబట్టి వెళ్లి తెచ్చుకున్నాను. ఇంకెక్కడైనా అయితే ఆ బ్యాగంతా మోత బరువే.

అందుకే ఏ రేడియో కొనాలన్న దగ్గర నేను మొదలుపెట్టను. ఎఫ్‌టీ-817, ఐసీ-705, కేఎక్స్2, ఏదైనా పరవాలేదు. వాటి గురించి వాదించుకునే సమయంలో ఒక మంచి యాంటెన్నా కట్టేయొచ్చు. ముందు లైసెన్స్ మాత్రం ఉండాలి. ఏ ఫ్రీక్వెన్సీలు వాడొచ్చో, ఇతరుల కబుర్లు ఎప్పుడు చేరవేయొచ్చో మీ దేశపు నిబంధనల్లో చదివి పెట్టుకోండి.

'5 వాట్లతో ఏమవుతుందండీ?' అని కొత్తవాళ్లందరూ అడుగుతారు. లెక్క చూడండి. బల్ల మీది పెద్ద రేడియో ఇచ్చే 100 వాట్ల నుంచి 5 వాట్లకు దిగితే తగ్గేది 13 డెసిబెల్స్. రేడియోలో సిగ్నల్ బలం చూపే మీటర్ మీద ఒక ఎస్ యూనిట్ (ఒక అంకె) అంటే 6 డెసిబెల్స్. అంటే అవతలివాళ్ల మీటర్‌లో 9 దగ్గర ఆడే ముల్లు 7కి దిగుతుంది. అంతే తేడా. బ్యాటరీ వైపు నుంచి చూస్తే తేడా చాలా పెద్దది: 100 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, చిన్నది 2 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. అయితే బ్యాండ్ (మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీల పట్టీ) బాగాలేనప్పుడు, గోల ఎక్కువున్నప్పుడు 5 వాట్ల గొంతు మునిగిపోతుంది. అప్పుడు ఆదుకునేది మోర్స్. అదే పవర్ సన్నటి బ్యాండ్‌విడ్త్‌లో వెళ్తుంది కాబట్టి మాట వినపడని చోట టిక్కుటక్కులు వినపడతాయి. నిమిషానికి పది పదాల వేగం వచ్చినా చాలు.

ఇక అసలు సంగతి, తీగ. మొదటి యాంటెన్నాగా 40 మీటర్ల బ్యాండ్‌కి (7 మెగాహెర్ట్జ్ వైపు) సగం తరంగదైర్ఘ్యపు డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా చాచిన తీగ, కట్టుకోండి. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్ల పైచిలుకు, ఒక్కో వైపు 10 మీటర్లు. కొత్తగా కట్టేటప్పుడు ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు ఎక్కువే ఉంచండి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెన్నా తీసుకోక వెనక్కి వచ్చే పవర్‌ను చూపేది) పెట్టి, అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర బాగా తగ్గుతోందో చూడండి. మీరు కోరుకున్నదానికి కింద తగ్గుతుంటే తీగ పొడవెక్కువ, పైన తగ్గుతుంటే పొట్టి. రెండు వైపులా పది సెంటీమీటర్ల చొప్పున తగ్గిస్తే దాదాపు 70 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. మొదట్లో నేను తొందరపడి ఒకేసారి కత్తిరించేసి, మళ్లీ ముక్కలు అతికించుకున్నాను. ఇప్పుడు కత్తిరించను, చివరను వెనక్కి మడిచి తీగకే మెలిపెడతాను. సరిపోయిందని తేలాకే కత్తెర.

ఎత్తు కోసం తంటాలు పడక్కర్లేదు. దూరదేశాలతో మాట్లాడాలంటే యాంటెన్నా ఎత్తుగా ఉండాలి కానీ, ఆపదలో మనకు కావాల్సింది పక్క జిల్లా, పక్క రాష్ట్రం. డైపోల్‌ను నేల నుంచి మూడు నాలుగు మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ చాలావరకు నిట్టనిలువుగా పైకెళ్లి, ఎత్తున ఉండే అయానోస్ఫియర్ అనే వాతావరణ పొరకి తగిలి గొడుగులా కిందకి దిగుతుంది. చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల వరకు, మధ్యలో కొండ అడ్డున్నా సరే, వినపడుతుంది. చేతిలో పట్టుకునే, వాకీటాకీ లాంటి వీహెచ్‌ఎఫ్ సెట్‌కి ఆ కొండే సరిహద్దు. దాని సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ ఉన్న టవర్ కూలిందంటే ఇంకా కష్టం. పగలు 7 మెగాహెర్ట్జ్ పనిచేస్తుంది. చీకటి పడ్డాక పై పొర పలచబడి, నిలువుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్ సిగ్నల్ తిరిగి రాకుండా దూసుకుపోతుంది. అప్పుడు 80 మీటర్ల బ్యాండ్‌కి, అంటే 3.6 మెగాహెర్ట్జ్ వైపుకి, మారాలి. నా డైపోల్ చివర్లలో ఒక్కో వైపు మరో 10 మీటర్లకు కాస్త తక్కువ తీగ ముక్క ఉంటుంది. క్లిప్ పెడితే 3.6, తీస్తే 7.1.

చెట్టు మీదకి తాడు వేయడానికి సగం నీళ్లున్న ప్లాస్టిక్ సీసాను మించినది నాకు దొరకలేదు. రాయిలా జారిపోదు, బరువుకి తాడును లాక్కుని కిందకి వస్తుంది. వేసేముందు తలెత్తి చుట్టూ ఒకసారి చూడండి. కరెంటు తీగలుంటే, అవి చచ్చాయని ఎవరు చెప్పినా, అక్కడ కట్టకండి. ఉరుము వినపడితే కేబుల్ తీసేసి పక్కకు జరగండి. మాట్లాడేటప్పుడు తీగ చివరలు ఎవరికీ తగలకూడదు, వోల్టేజ్ ఎక్కువుండేది అక్కడే.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది తీసుకోండి. లెడ్ యాసిడ్ కన్నా బాగా తేలిక, చివరిదాకా వోల్టేజ్ పెద్దగా పడదు. నా రేడియో వింటున్నప్పుడు సుమారు 0.4 ఆంపియర్లు, మాట్లాడుతున్నప్పుడు 2 ఆంపియర్లు తింటుంది. గంటలో ఆరు నిమిషాలు మాట్లాడి మిగతాది వింటే సగటున 0.56. అంటే 6 ఆంపియర్ అవర్ల బ్యాటరీతో పది గంటలు. ఫ్యూజ్‌ను బ్యాటరీకి దగ్గరగా పెట్టండి. పవర్ వైరు లావుగా, పొట్టిగా ఉండాలి. ఒకసారి మైకు బటన్ నొక్కితే చాలు రేడియో ఆగిపోయేది. బ్యాటరీ చెడిపోయిందనుకున్నాను. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13 వోల్టులు, రేడియో దగ్గర 11కి కిందే. దొంగ ఎవరంటే, సన్నటి వైరూ, వదులైన ఫ్యూజ్ హోల్డరూ.

సోలార్ ప్యానెల్ ఉంటే మంచిదే. కానీ దాని చార్జ్ కంట్రోలర్ రేడియో గోల పుట్టించేదైతే ప్యానెల్ ఉండీ లేనట్టే. నా మొదటి కంట్రోలర్ తగిలించగానే 7 మెగాహెర్ట్జ్ అంతా తేనెటీగల తుట్టెలా మోగింది. అసలే నీరసంగా వచ్చే సిగ్నళ్లు దాని కింద ఒక్కటీ వినపడలేదు. ఇప్పుడు వింటున్నంతసేపూ ప్యానెల్ ఊడదీసి, కాఫీకి లేచినప్పుడు తగిలిస్తాను.

రేడియో వేశాక ముందు చేయాల్సింది వినడం. 14.300 మెగాహెర్ట్జ్‌ను ప్రపంచమంతటా అత్యవసర కేంద్రంగా గుర్తుపెట్టుకుంటారు. యూరప్, ఆఫ్రికా, ఆసియా వైపు 7.110 కూడా అలాంటిదే. మీ ప్రాంతంలో హామ్‌లు (హామ్ రేడియో వాడేవాళ్లు) రోజూ ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసే 'నెట్' ఏదో, ఏ వేళకో ముందే తెలుసుకుని కాగితం మీద రాసి బ్యాగులో పెట్టండి. తక్కువ పవర్ ఉన్నవాళ్లు ఖాళీ ఫ్రీక్వెన్సీలో సీక్యూ (ఎవరైనా ఉన్నారా) అని గొంతు చించుకోవడం కన్నా, గట్టిగా వినిపిస్తున్న స్టేషన్ ఆగేదాకా ఆగి దానికే జవాబివ్వడం మేలు. మీకు అంత బాగా వినిపిస్తోందంటే దారి తెరిచి ఉన్నట్టే, మీ సిగ్నలూ అదే దారిలో వెళ్తుంది. నెట్ కంట్రోల్ (నెట్‌ను నడిపే మనిషి) ఉంటే ఆయన అడిగినప్పుడే మాట్లాడండి.

కబురును బటన్ నొక్కకముందే కాగితం మీద రాసుకోండి. టెన్షన్‌లో నోటికొచ్చినట్టు మాట్లాడితే అవతలివాళ్లు మూడుసార్లు అడుగుతారు, బ్యాటరీ మూడింతలు ఖర్చు. ఎవరు, ఎక్కడ, ఏం కావాలి, ఎంతమందికి, ఎప్పటికి. 'స్కూలు భవనంలో 14 మంది, ఇద్దరికి ఇన్సులిన్ కావాలి, రేపు ఉదయం 8 లోపు' అంటే సరిపోయింది. అంకెలు విడివిడిగా చెప్పండి, పేర్లు ఎ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో అంటూ అక్షరం అక్షరంగా. అవతలివాళ్లు తిరిగి చదివి వినిపించేదాకా కబురు చేరినట్టు లెక్క కాదు. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకే గడియారం), పెన్సిల్‌తో రాయండి. తడిస్తే పెన్ను సిరా అలుక్కుపోతుంది.

2004 డిసెంబర్‌లో హామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది సునామీ కోసం కాదు, హామ్‌లకు అరుదుగా దొరికే ఆ ద్వీపాల నుంచి ప్రపంచంతో మాట్లాడదామని. 26న సముద్రం మీదపడింది. అప్పటికే బిగించి, రోజూ వాడుతున్న ఆ రేడియోలతోనే పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబుర్లు పంపారు. వాళ్లు ఆ రోజు కొత్తగా పెట్టె విప్పి మాన్యువల్ చదవలేదు.

నేను నెలకోసారి బ్యాగు తీసి, స్టాప్‌వాచ్ నొక్కి, మొదటి స్టేషన్‌తో మాట్లాడేదాకా లెక్క చూస్తాను. అడాప్టర్‌ను ఇప్పుడు కేబుల్‌కే దారంతో కట్టేశాను, రెండోది మైకు సంచిలో ఉంది. మొన్న 19 నిమిషాలు పట్టింది, అందులో ఏడు చిక్కుపడ్డ తాడు విప్పడానికే. ఇప్పుడు తాడును గుండ్రంగా కాకుండా, బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుడుతున్నాను.