రోలర్ కోస్టర్ ఎక్కే ముందు: కడ్డీ తొడలకు ఆనాలి

2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఒక రైడు తలకిందులుగా ఆగిపోయి, ఎక్కినవారు దాదాపు 25 నిమిషాలు అలాగే వేలాడారు. ఆ వీడియో చూసి మా వీధిలో సగం ఇళ్లవాళ్లు పిల్లలను ఇక రైడ్ల వైపు పంపేది లేదన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీలో రోలర్ కోస్టర్ మీద నుంచి పడి 24 ఏళ్ల యువతి చనిపోయింది. ఆ వార్త రెండు రోజుల్లో అందరూ మరిచిపోయారు. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం అదే. ఆ ఘటనలో తప్పెవరిదో తేల్చవలసినవారు తేలుస్తారు. నేను రాసేది ఎక్కేవారి చేతిలో ఉన్న ఒక్క పని గురించి.

నగర శివారులో ఒక పార్కులో నాలుగేళ్లు ఆపరేటరుగా పనిచేశాను. గర్భిణులు, గుండె జబ్బున్నవారు ఎక్కకూడదని బోర్డు మీదే ఉంటుంది కాబట్టి అవి వదిలేస్తున్నాను. నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే. ఒళ్లోకి దిగే కడ్డీకి, తొడలకు మధ్య సందు వదలడం.

ఒకసారి కనుమ నాడు ఒక పెద్దమనిషి, నేను కడ్డీ నొక్కుతుంటే ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించాడు. "కాస్త ఊపిరాడనివ్వు తమ్ముడూ" అన్నాడు. వరుస బారుగా ఉంది. సరేననుకుని వదిలేశాను, ఆ తప్పు నాదే. బండి తిరిగి వచ్చేసరికి ఆయన పై పెదవి చిట్లి ఉంది, రెండు చేతులూ కడ్డీని వదలడం లేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను.

ఎందుకలా అయిందో చెబుతాను. కోస్టర్ బండికి ఇంజను ఉండదు. గొలుసు దాన్ని పైకి లాగుతుంది, అక్కడి నుంచి అంతా భూమి ఆకర్షణే. 30 మీటర్ల ఎత్తు నుంచి జారితే వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటుతుంది. ఎక్కేటప్పుడు వినిపించే టక టక శబ్దానికి భయపడకండి, బండి వెనక్కి జారకుండా పట్టే కొక్కేలవి. బండిని తలకిందులుగా తిప్పే లూప్‌కూ అంతగా భయపడనక్కర లేదు. 1976లో కాలిఫోర్నియాలో జర్మన్ ఇంజినీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కలతో కట్టిన లూప్ నుంచి, అది గుండ్రంగా కాక నీటిబొట్టు ఆకారంలో ఉంటోంది. మంచి వేగంతో వెళ్లే బండి అందులో మిమ్మల్ని సీటుకే అదుముతుంది. జాగ్రత్త పడవలసింది చిన్న మిట్టల దగ్గర. మిట్ట ఎక్కిన బండి కిందికి వంగుతుంది, మీ ఒళ్లు మాత్రం పైకే పోతుంది. బండికి పట్టా పైన, పక్కన, అడుగున కూడా చక్రాలుంటాయి, కాబట్టి అది లేవదు. మీకు చక్రాలు లేవు. మీకున్నది ఆ కడ్డీ ఒక్కటే. నాలుగు వేళ్ల సందు ఉంటే నాలుగు వేళ్ల ఎత్తు లేచి గుద్దుకుంటారు, మరుక్షణం పల్లంలో మీ బరువు మూడింతలై సీటులో కూలబడతారు.

కడ్డీలన్నీ పడ్డాయని చెప్పే పచ్చ దీపం వెలిగింది కదా అంటారు. కడ్డీకి తాళం పడిందో లేదో యంత్రానికి తెలుస్తుంది. అది తొడకు ఆనిందో, ఒళ్లోని సంచికి ఆనిందో దానికి తెలియదు.

ఫోను జేబులో వద్దు, జిప్పున్న జేబులోనూ వద్దు. కడ్డీ దాని మీదే ఆగిపోతుంది. చున్నీ నడుముకు చుట్టుకోవడం కాదు, తీసి కింద ఉన్నవారికి ఇవ్వండి. జడ ముడి వేసుకోండి. చేతిసంచి, నీళ్ల సీసా, సెల్ఫీ కర్ర ఏదీ ఒళ్లో ఉండకూడదు. తల వెనక్కి ఆనించండి. బిరియానీ దిగాక తినండి. కొలత కర్ర దగ్గర పిల్లాణ్ణి మునివేళ్ల మీద నిలబెట్టే నాన్నలూ, ఎత్తు నిబంధన వాడి ధైర్యానికి పెట్టిన పరీక్ష కాదు. పొట్టి కాళ్లకు కడ్డీ ఆనదు. ఆపరేటరు చేత్తో లాగి చూడకుండా ముందుకు పోతే పిలవండి. పిలిచినా రాకపోతే దిగిపోండి. టికెట్టు డబ్బులు పోతే పోనివ్వండి. వెనక వరుసవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బండి మధ్యలో ఆగితే కదలకండి. ముందు బండి ఇంకా దారిలో ఉంటే, వెనక బండిని బ్రేకులే ఆపేస్తాయి. కడ్డీ విప్పాలని చూడకండి, సిబ్బంది వచ్చే దాకా కాలు బయట పెట్టకండి. పొట్ట ఉబ్బించకండి. పొట్ట మీద ఆగిన కడ్డీ లెక్కలోకి రాదు, తొడలకు ఆనాలి.

కడ్డీ దిగాక అరచేతిని తొడకూ కడ్డీకీ మధ్య దూర్చి చూడండి. దూరిందంటే, బండి కదలకముందే చెయ్యెత్తి అరవండి.