నెమలి కుదరక టర్కీని తెచ్చుకున్నారా? సమస్యలు – పరిష్కారాలు

అనంతపురంలో ఇంటి వెనుక నాలుగు సెంట్ల జాగా ఉంటే చాలు, పక్షులంటే ఇష్టమున్నవారి మనసు ముందు నెమలి మీదికే పోతుంది. అది కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో నెమలి ఉంది. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. చేలగట్టున దొరికిన గుడ్లను తెచ్చి కోడి కింద పొదిగించినా తప్పే. అందుకే నేను టర్కీ జంటతో సరిపెట్టుకున్నాను. దొడ్లో అప్పటికే సిల్కీ కోళ్లు, గిన్నీ కోళ్లు, పావురాలు ఉన్నాయి. కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

రెట్ట గంధకంలా పసుపుపచ్చగా ఉంది, టర్కీ మేత ముట్టడం లేదు

ఒక ఉదయం మా టర్కీ పెట్ట వేపచెట్టు మొదట్లో రెక్కలు వేలాడేసి, కళ్లు సగం మూసుకుని నిలబడింది. కాళ్ల దగ్గర పలుచటి పసుపు రెట్ట. రెండడుగుల దూరంలో సిల్కీ కోళ్లు హాయిగా మట్టి కెలుకుతున్నాయి. వాటికేమీ కాలేదు కదా, ఎండదెబ్బేమో అనుకున్నాను. పక్షిని అమ్మిన వ్యాపారీ అదే మాట అన్నాడు. నాలుగో రోజున పెట్ట పోయింది.

అది బ్లాక్‌హెడ్ వ్యాధి. కారణం ఆ హాయిగా ఉన్న కోళ్లే. కోళ్ల గుడ్డిపేగులో ఉండే సన్నని నట్టల గుడ్లలో ఈ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి దాగి ఉంటుంది. ఆ గుడ్లు రెట్టతో నేలలో పడి ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. వాటిని మింగిన వానపామును తిన్నా చాలు. కోడి సాధారణంగా తట్టుకుంటుంది, టర్కీ తట్టుకోలేదు. నెమలి జాతికీ ఇది సోకుతుంది.

పసుపు రెట్ట కనిపించిన రోజే పక్షిని వేరు చేసి పశువైద్యుడికి చూపించండి. మందు, మోతాదు ఆయనే చెప్పాలి. అసలు మందు మాత్రం వేరే నేల. కోళ్లు తిరిగిన చోట టర్కీని వదలకండి. రెండు దొడ్లకూ ఒకే చెప్పులతో తిరగకండి. కోళ్లకూ వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం నట్టల మందు తాగించండి.

ఒక మాట. రోజులో అప్పుడప్పుడు గోధుమరంగులో, జిగటగా, దుర్వాసనతో పడే రెట్ట మామూలే. దాన్ని చూసి నాలాగా అర్ధరాత్రి వైద్యుడిని నిద్ర లేపకండి. రెట్టలో రక్తం కనిపిస్తే అది వేరే సంగతి. గూట్లో పరిచిన ఊక తడిసి వచ్చే కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు కావచ్చు. ఊక మార్చి, వైద్యుడు రాసిన మందును నీళ్లలో కలిపి ఇవ్వాలి.

ముక్కు తెరిచి రొప్పుతోంది

మే నెల మధ్యాహ్నమైతే ఎండే కారణం. జాలీకి గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉండండి. నీళ్లు మట్టి తొట్టిలో పోసి, పన్నెండింటికి ఒకసారి మార్చండి. మేత తెల్లవారుజామున, సాయంత్రం పెట్టండి. రొప్పుతున్న పక్షిని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో ముంచకండి.

చల్లటి పూట కూడా మెడ సాచి నోరు తెరుస్తూ, తల విదిలిస్తోందంటే గొంతులో నట్టలు ఉండవచ్చు, శ్వాసకోశ జబ్బూ కావచ్చు. పక్షిని చూడకుండా మందు వేయడం దండగ.

నీరసం, ఎదుగుదల లేదు, ఏ మందుకూ లొంగడం లేదు

మేత సంచి వాసన చూడండి. మన దగ్గర వేరుశనగ చెక్క చవకగా దొరుకుతుందని మేతలో కలుపుతాం. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోతే, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి అని తేలింది. ఈ విషం బయటపడింది అలాగే. బూజు చెక్కను ఎండబెట్టినా, ఉడికించినా విషం పూర్తిగా పోదు. పారేయడమే. ఏరి పక్కన పెట్టిన నల్ల గింజలను "పక్షులకే కదా" అని వేయడం మానండి.

మెడ తిప్పేస్తోంది, ఆకుపచ్చ రెట్ట

కొక్కెర తెగులు అయ్యే అవకాశం ఎక్కువ. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. పావురాల్లోనూ ఇలాంటి మెడ తిప్పుడు జబ్బు ఉంది. సంతలో కొన్న పక్షిని నెల రోజులు దూరంగా ఉంచాకే మిగతావాటితో కలపండి. నేను వారానికే కలిపి, నాలుగు పావురాలను పోగొట్టుకున్నాను.

తల మీద పొక్కులు

వానాకాలంలో దోమల వల్ల వచ్చే మశూచి. నిలవ నీరు తీసేసి, గూటికి దోమతెర కట్టండి. పొక్కులు గిల్లకండి. నోటిలోనూ పుండ్లు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించండి.

అడవి నెమలే దొడ్లోకి వస్తోంది

చల్లిన గింజల కోసమే వస్తుంది. మేత పాత్రలు మూసి ఉంచండి. పట్టుకోవద్దు, మచ్చిక చేయవద్దు. గాయపడి ఉంటే అటవీశాఖకు ఫోను చేయండి. మా గోడ మీదికి వేసవిలో ఒకటి వస్తుంది. గింజలు దాచాక కూడా రావడం మానలేదు. చూస్తే అది నీళ్ల తొట్టి కోసమని తెలిసింది. ఇప్పుడు గోడ అవతల దానికో తొట్టి వేరే పెట్టాను.